‘నన్నెవలడిగిండ్రు?’ – ఒక దళం, ఒక వంటిల్లు

1994లో మా తాత చనిపోయాక ఆయన పింఛను అమ్మమ్మ పేరు మీదికి మార్పించడానికి ఇద్దరం కరీంనగర్ వెళ్ళాం. తాత స్వాతంత్ర్య సమరయోధుడు. 1948లో నిజాం పోలీసులు పట్టుకుపోయి జైల్లో పెట్టారు. ఆ జైలు కాగితం మీదే పింఛను వచ్చింది. ఫారం నేనే నింపాను. ‘సమరయోధునితో గల సంబంధం’ అన్న గడిలో ‘భార్య’ అని రాశాను. ఫారం తీసుకున్న గుమాస్తా మంచి మనిషి. పెద్దావిడ అని కుర్చీ వేయించి, మాట కలపడానికి, ‘నువ్వు సుత పోరాటంల పనిజేసినవా అవ్వా?’ అని అడిగాడు.

‘లే బిడ్డా, నేనేం జెయ్యలే’ అంది అమ్మమ్మ, వేలిముద్ర వేసిన బొటనవేలిని కొంగుకు తుడుచుకుంటూ.

తిరుగు బస్సులో నాకు కోపం ఆగలేదు. ‘ఏం జెయ్యలే అంటవేందే అమ్మమ్మా? దళమోళ్ళకు అన్ని నెలలు వండి పెట్టిన్నని నువ్వే జెప్పితివి గదా!’ అన్నాను.

‘వండిన. అయితే ఏంది? నన్నెవలడిగిండ్రు?’ అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంది.

ఆ మాటను నేను ఎనిమిదేళ్ళపాటు తప్పుగా అర్థం చేసుకున్నాను. ఈ వ్యాసం ఆ తప్పు గురించి. దానికి ముందు ఆ దళం గురించి కొంచెం చెప్పాలి.

*

1947 ఆగస్టు 15న బయట దేశమంతా జెండా ఎగరేసుకుంటుంటే హైదరాబాద్ సంస్థానం అందులో లేదు. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన రాజ్యాన్ని విడిగానే ఉంచుకోవాలనుకున్నాడు. నవంబర్ 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం చేసుకున్నాడు. అప్పటికే తెలంగాణ పల్లెల్లో ఇంకో యుద్ధం నడుస్తోంది. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య చనిపోయాక వెట్టికీ, లెవీ ధాన్యానికీ, భూముల నుంచి రైతులను వెళ్ళగొట్టడానికీ వ్యతిరేకంగా ఊరూరా సంఘాలు లేచాయి. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ కలిసి సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. వీరిలో బద్దం ఎల్లారెడ్డిది మా కరీంనగర్ జిల్లా గాలిపెల్లి. 1952 ఎన్నికల్లో కరీంనగర్ నుంచి లోక్‌సభకు గెలిచింది ఆయనే.

అనభేరి ప్రభాకరరావుదీ మా జిల్లానే. పోలంపల్లిలో భూములున్న కుటుంబంలో పుట్టాడు. పుట్టిన వర్గాన్ని కాదనుకుని దళం కట్టాడు. పోలీసు ఠాణాలకంటే ముందు ఆ దళం కన్ను పడింది పటేల్ పట్వారీల దఫ్తరాల మీద. ఊరి మధ్యకు ఆ కట్టలు తెచ్చి తగలబెట్టేవాళ్ళు. ఇప్పటి పిల్లలకు చెప్తే కాగితాలు కాల్చడం ఏం పోరాటం అంటారు. కానీ ఆనాటి రైతుకు భూమి ఎవరిదో, అప్పు ఎంతో, లెవీ ఎంత కట్టాలో చెప్పేది నేల కాదు, పట్వారీ కలం. ఆ రాత చదవగలిగేవాళ్ళు ఊళ్ళో ఇద్దరో ముగ్గురో. చదవలేని కాగితానికి తరతరాలు బాకీ పడ్డ జనం, అది కాలుతుంటే చుట్టూ నిలబడి చూశారు.

1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గర మహ్మదాపూర్ గుట్టల్లో నిజాం బలగాలు ఆ దళాన్ని చుట్టుముట్టాయి. ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, మరి పదిమంది, మొత్తం పన్నెండు మంది ఆ రోజు చనిపోయారు. సాయుధ పోరాటం పిలుపు నుంచి లెక్కపెడితే ఆరు నెలలు. అక్కడినుంచి సరిగ్గా ఇంకో ఆరు నెలలకు, సెప్టెంబర్ 13న, భారత సైన్యం సంస్థానంలో అడుగుపెట్టింది. ఒక దళం ఆయుష్షుగా చూస్తే అది ఒక పంటకాలం కంటే కాస్త ఎక్కువ.

తెలంగాణ మొత్తం మీద లెక్కలు పెద్దవి. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో రాసిన పుస్తకం ప్రకారం ఉద్యమం మూడు వేల గ్రామాలకు పాకింది. పది లక్షల ఎకరాల భూమి పంచారు. రెండు వేల మంది దాకా గెరిల్లా దళాల్లో, పది వేల మంది గ్రామ దళాల్లో పనిచేశారు. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించేనాటికి చనిపోయిన కమ్యూనిస్టులు, రైతు కార్యకర్తలు నాలుగు వేల మంది. ఆ పుస్తకంలో స్త్రీల పాత్ర మీద ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. కానీ అంకెల్లో స్త్రీలు విడిగా కనిపించరు.

ఈ కాలాన్ని విమోచన అనాలా, విలీనం అనాలా, విద్రోహం అనాలా అని ఏటా సెప్టెంబర్ 17 వచ్చిందంటే గొడవే. ఊళ్ళో ఉన్నవాళ్ళకు మాత్రం అది అంతర్యుద్ధం. ఒకే వాడకట్టులో ఒక ఇంటి కొడుకు దళంలో ఉంటే ఇంకో ఇంటి కొడుకు రజాకార్లలో ఉండేవాడు. ఉత్తరాన ఆదిలాబాద్ సరిహద్దు దాటితే చాందాలో కాంగ్రెస్ వాళ్ళ క్యాంపు, అందులో ఇంకో ఇంటి కొడుకు. చిత్రమేమిటంటే వీళ్ళందరూ తమ ఇష్టంతో వచ్చినవాళ్ళమనే చెప్పుకున్నారు. కాంగ్రెస్ వాళ్ళు వాలంటీర్లు. దళంలో చేరినవాడు జీతానికి చేరలేదు. ఉర్దూలో రజాకార్ అన్న మాటకు అర్థమే స్వచ్ఛంద సేవకుడు. మూడు వైపులా స్వచ్ఛంద సైనికులే. ఈ స్వచ్ఛందం అన్న మాట దగ్గరే నేను తరవాత ఆగిపోవాల్సి వచ్చింది.

*

నేను యూనివర్సిటీలో చరిత్ర చదువుతున్న రోజుల్లోనే స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ వచ్చింది. 1986. హాస్టల్లో ఒక్క కాపీ పదిమందిమి చేతులు మార్చుకుని చదివాం. తెలంగాణ పోరాటంలో ఉన్న స్త్రీలు తమ గొంతుతో తాము చెప్పిన కథలు. తుపాకీ పట్టిన వాళ్ళు, పిల్లల్ని వదులుకున్న వాళ్ళు, పోరాటం అయిపోయాక ఇంటికి పొండి అంటే ఏ ఇంటికి పోవాలో తెలియని వాళ్ళు. చరిత్ర అంటే ఇదీ అనిపించింది. ఆ గొంతుల్లో ఎక్కువ భాగం నల్గొండ, వరంగల్, కోస్తా వైపువి. మా జిల్లా గొంతు నేను వినిపించాలి అనుకున్నాను. ఆ వయసులో అనుకునే మాటలే ఇవి.

ఉద్యోగం ఆసిఫాబాద్‌లో వచ్చింది. అక్కడికి వెళ్ళాక ఇంకో పోరాటం కథ రోజూ వినబడేది. 1940లో జోడేఘాట్ గుట్టల్లో కొమురం భీం వెంట నిలబడ్డ గోండులు, కోలాములు. అడవి అధికారులు పోడు చేలు పీకేసి, పశువుల మేతకు పన్ను వసూలు చేస్తుంటే ఊళ్ళకు ఊళ్ళే కలిసి ఎదురు తిరిగాయి. నిజాం బలగాల కాల్పుల్లో భీం, ఆయన అనుచరులు చనిపోయారు. ఆ తరవాతే ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను పిలిపించి గోండుల బతుకుల మీద అధ్యయనం చేయించింది. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో భీం వర్ధంతి జరుగుతుంది. ఇప్పుడు ఆ జిల్లాకే ఆయన పేరు. అందరూ చెప్పుకునే ఆ కథలో ఆయన భార్య సోంబాయి పేరు వినిపిస్తుంది. మిగతా ఆడవాళ్ళు ‘గూడెం జనం’ అన్న మాటలో కలిసిపోతారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి 1998లో ఒక సెమినార్ పేపర్ రాశాను. జోడేఘాట్, మహ్మదాపూర్ – రెండు చిన్న సైన్యాలు, రెండిటి ఆయుష్షూ తక్కువే, రెండిటి వెనకా కనబడని వంటిళ్ళు. పేపర్ చివర అమ్మమ్మ మాట పెట్టాను. ‘నన్నెవలడిగిండ్రు?’ అంటే, నా కథ నన్నెవరూ అడగలేదు, అందుకే నేను చెప్పలేదు అని. పురుషుల చరిత్ర ఆమెను అడగలేదు, ప్రభుత్వం అడగలేదు, పార్టీ అడగలేదు, ఇప్పుడు మనం అడగాలి అని ముగించాను. బాగా చప్పట్లు కొట్టారు. ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. ఆ మాటను ఆ తరవాత ఇంకో రెండు చోట్ల వాడుకున్నాను.

*

2002లో అమ్మమ్మ నా దగ్గర ఉండటానికి ఆసిఫాబాద్ వచ్చింది. ఒక సాయంత్రం కరెంటు పోయి ఇద్దరం వాకిట్లో కూచున్నాం. నేను గొప్పగా, ‘నీ మీద రాసిన అమ్మమ్మా’ అని పేపర్ సంగతంతా ఆమె భాషలోకి మార్చి చెప్పాను. ఆ చివరి మాట దగ్గరికి రాగానే ఆపింది.

‘నేను గట్లనలే బిడ్డా. నా ముచ్చట ఎవలడగలేదని అనలే. వండుతవా అని నన్నెవలడిగిండ్రు అన్న. మీ తాత మామకు జెప్పెటోడు, మామ అత్తకు జెప్పెటోడు, అత్త నన్ను లేపేది. లేచి పొయ్యి ముట్టిచ్చేదాన్ని. గంతే.’

నాకు నోట మాట రాలేదు. ఎనిమిదేళ్ళు నేను ఆమెను ఎవరూ గుర్తించలేదని బాధపడుతూ తిరిగాను. ఆమె చెప్పింది ఇంకోటి. తనని ఎవరూ సమ్మతి అడగలేదని. ఒకే మాట. నాకు కావలసిన అర్థం నేను తీసుకున్నాను.

ఆ రాత్రీ, ఆ తరవాత చాలా సాయంత్రాలూ ఆమె చెప్పింది. అప్పటికి ఆమెకు ఇరవై లోపు వయసు. మా అమ్మ చంటిపిల్ల. ఊరు హుస్నాబాద్ వైపు. లెవీ కింద కొంత ధాన్యం పోయేది, నాగు తీర్చడానికి కొంత పోయేది. గుమ్మి అడుగు కనబడుతుండేది. ఆ మిగిలిన జొన్నల్లోంచే వచ్చినవాళ్ళకు పెట్టాలి. ఎంతమంది వస్తారో ముందు తెలియదు. ఒకసారి ఎనిమిది మోదుగాకు విస్తర్లు, ఒకసారి పదిహేను. మొహాలు చూసింది తక్కువ. విస్తర్ల లెక్కతోనే ఆమెకు దళం గుర్తు.

దళం వచ్చిందని బయటికి తెలియకుండా ఉండాలంటే గుట్టల మీద కాపలా ఒక్కటీ సరిపోదని ఆమె మాటల్లో నాకు మొదటిసారి అర్థమైంది. రాత్రిపూట ఇసుర్రాయి తిప్పితే చప్పుడు వాడంతా వినబడుతుంది. అందుకని పగలే విసిరి పెట్టుకోవాలి. పగలు విసిరినా చిక్కే. ఏ ఇంట్లో ఎంతమంది తింటారో వాడకట్టులో అందరికీ తెలుసు. ఇంతసేపు ఎందుకు విసురుతున్నారని ఎవరికైనా అనుమానం రావచ్చు. ‘గందుకే రొండు పూటలు జేసి ఇసిరేది, పాట వాడుకుంట. పాట పొడుగైతే పాట కోసం ఇసురుతున్నరనుకుంటరు’ అని నవ్వింది. రొట్టె చేస్తే అరచేతుల చప్పుడు బయటికి పోతుంది. అందుకని గటుక వండేవాళ్ళు. తెల్లవారి మిగతావాళ్ళకు పంపాలంటే కూలీలకు సద్ది తీసుకుపోతున్నట్టు కుండ నెత్తిన పెట్టుకుని చేను గట్టు మీదుగా పోవాలి. ఇవన్నీ నేర్పినవాళ్ళు లేరు. పట్టుబడితే ఏమవుతుందో మాత్రం అందరికీ తెలుసు.

‘నీకు ఇష్టం లేకుండెనా మరి?’ అని అడిగాను.

‘ఇష్టమా కష్టమా అని అడిగితే గదా చెప్పేది. అడిగితే ఏమందునో నాకే ఎరుకలే’ అంది. కాసేపాగి, ‘వాళ్ళు మంచోళ్ళే బిడ్డా. కాగితాలు కాలవెట్టిన్నాడు మా ఇంట్ల పండుగే. వెట్టి వోయింది. గాని గుమ్మిల జొన్నలు నా బిడ్డయి గదా’ అంది.

పట్వారీ కాగితాలు కాలిన సంబరం, గుమ్మి అడుగంటిన కోపం రెండూ ఆమె ఒకే ఊపిరిలో చెప్పింది. నేను రాసుకునేటప్పుడు మాత్రం మొదటిది పోరాట చైతన్యం కింద, రెండోది వెనకబాటుతనం కింద విడదీసి రాయబోయాను. ఇది మన చదువుల అలవాటు. మరొక సంగతి కూడా అప్పుడే తట్టింది. ఆ కాలిన కాగితాల్లో ఆమె పేరు ఎక్కడా లేదు. భూమి ఆమె పేరున లేదు, అప్పు ఆమె పేరున లేదు. ఆమె పేరు ఒక సర్కారు కాగితం మీదికి మొదటిసారి ఎక్కింది 1952 ఎన్నికల ఓటరు జాబితాలో అయి ఉండాలి. ఆ ఎన్నికలకు దేశంలో సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితాల నుంచి పోయాయి. ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అని తప్ప సొంత పేరు చెప్పనందుకు.

*

మార్చి 14 సంగతి ఆమె తేదీతో చెప్పలేదు. ‘శివరాత్రి పోయిన నాలుగైదొద్దులకు’ అంది. ఆ రోజుల్లో మళ్ళీ వస్తారని కబురు ఉంటే ముందే విసిరి పెట్టారట. రాలేదు. రెండో రోజు గుట్టల్లో అందరూ పోయారని తెలిసింది. అత్త నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది, గట్టిగా ఏడిస్తే పట్టిచ్చుకున్నట్టే కనుక.

‘పిండి మిగిలింది. ఏం జేస్తం? మేమే తిన్నం. నాలుగొద్దులు కడుపునిండ తిన్నం. మీ అమ్మకు పాలు సుత మంచిగచ్చినయి’ అంది. ఆ మాట చెప్పి చాలాసేపు ఊరుకుంది. అమరుల గురించి ఎన్నో సభల్లో ఎన్నో మాటలు విన్నాను. ఈ మాట ఎక్కడ పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తరవాత కొద్ది రోజులకే తాతను పట్టుకుపోయారు.

ఇంతవరకు చెప్పి ఆమె ఆగిపోతే, నేను నా పేపర్ తిరగరాసి ఊరుకునేదాన్ని. వారం తరవాత తనే ఎత్తుకుంది.

వాళ్ళ ఇంటి గోడ పక్కనే ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఆమెను అమ్మమ్మ బూబమ్మ అనే చెప్పింది, అసలు పేరు చెప్పలేదు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు. బూబమ్మ తమ్ముడు రజాకార్లలో చేరాడు. మధ్యలో ఉన్నది మట్టిగోడ. పగటి పాటలు, రాత్రి పొయ్యి, తెల్లవారుజామున కుండలు తోమడం – గోడ అవతల ఉన్న మనిషికి తెలియకుండా ఉండవు. ఒకరోజు బావి దగ్గర బూబమ్మ, ‘మీ ఇంటికి చుట్టాలు బాగస్తున్నరు గదా. ఉప్పు సరిపోతుందా?’ అని ఒక చిన్న ఉప్పు మూట చేతిలో పెట్టింది. అమ్మమ్మ గుండె ఆగిపోయిందట. బూబమ్మ ఇంకో మాట మాట్లాడలేదు. తమ్ముడికీ చెప్పలేదు. ఆ ఆరు నెలల్లో ఏ రాత్రి చెప్పినా దళం అక్కడే అయిపోయేది, మా ఇల్లూ అయిపోయేది.

సెప్టెంబర్‌లో మిలిటరీ వచ్చింది. రజాకార్లు పారిపోయారు. రజాకార్ల ఇళ్ళ మీదికి, రజాకార్లతో ఏ సంబంధమూ లేని సాయిబుల ఇళ్ళ మీదికి కూడా మనుషులు పోవడం మొదలైంది. ప్రధాని నెహ్రూ పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులు ఆ ఏడాది చివర సంస్థానంలో తిరిగి నివేదిక ఇచ్చారు. తక్కువలో తక్కువ అంచనా వేసినా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని, స్త్రీల మీద అత్యాచారాలు జరిగాయని అందులో ఉంది. అన్నిటికంటే ఘోరం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో జరిగింది. ప్రభుత్వం దశాబ్దాలపాటు ఆ నివేదికను బయట పెట్టలేదు. 2013లో గాని ఢిల్లీలో చదువుకోవడానికి అందుబాటులోకి రాలేదు. 2002లో అమ్మమ్మ చెప్తున్నప్పుడు నాకు ఆ అంకెలు తెలియవు. ఒక తలుపు గురించి మాత్రం తెలిసింది.

‘నడిరాత్రి తలుపు కొట్టిండ్రు. బూబమ్మ గొంతే. నా పేరు వెట్టి పిలిచింది. మామ లేచి కూసున్నడు. అత్త నా చెయ్యి వట్టుకుని తియ్యద్దన్నది. మల్ల పిలిచింది. మల్ల పిలువలే. తెల్లారి చూస్తే వాళ్ళ ఇల్లు బార్లా తెరిచున్నది. కోళ్ళు వాకిట్ల తిరుగుతున్నయి. ఎటు వోయిండ్రో, ఉన్నరో లేరో ఎవలకెరుక.’

ఆమెను ఓదార్చడానికి నేను అన్నాను: ‘అప్పుడు సుత నిన్నెవలడిగిండ్రు అమ్మమ్మా? అత్త వద్దన్నది గదా.’

‘లే’ అంది. ‘గది నేనే తియ్యలే.’

*

గుమాస్తా అడిగినప్పుడు ‘నేనేం జెయ్యలే’ అన్నది అణకువ అనుకున్నాను. స్త్రీలు తమ శ్రమను తామే గుర్తించరని పేపర్లో రాశాను కూడా. ఆ మాట వెనక ఇంత ఉంది. వండటం తను ఎంచుకున్నది కాదు కాబట్టి దాన్ని గొప్ప చేసుకోదు. తలుపు తీయకపోవడం తను చేసింది అనుకుంటుంది కాబట్టి దాన్ని దాటి ఏ గొప్పా చెప్పుకోలేదు. దళాన్ని ఆరు నెలలు బతికించిన వాళ్ళలో గోడ అవతలి మనిషి కూడా ఉందని ఆమెకు తెలుసు. ఆ ఒక్క మనిషే నిజంగా ఎవరూ చెప్పకుండా, ఎవరూ లేపకుండా, తన ఇష్టంతో చేసింది. స్వచ్ఛందం అన్న మాటకు నాకు దొరికిన ఉదాహరణ ఆ ఉప్పు మూట. అది ఇచ్చిన మనిషి రజాకార్ అక్క.

మన స్త్రీవాద చరిత్ర రచన మొదట చేసిన పని మరుగున పడ్డ స్త్రీలను వెలికి తీయడం. అది చాలా అవసరమైన పని. ఆ పుస్తకాలు లేకపోతే నేను అమ్మమ్మను అడిగేదాన్నే కాదు. కానీ వెలికి తీసే తొందరలో అందరినీ వీరనారుల వరసలో నిలబెడుతున్నామేమో చూసుకోవాలి. పార్టీ చరిత్ర ‘ప్రజలు ఆశ్రయమిచ్చారు’ అని ఒక్క వాక్యంలో తేల్చేసింది. మనం ఆ ప్రజల్లోంచి స్త్రీని బయటికి తీసి ‘ఆమె పోరాడింది’ అన్నాం. ఈ రెండు వాక్యాల్లోనూ ఆమెను అడిగినవాళ్ళు లేరు.

ఇది ఒక్క మన దగ్గరి సంగతి కాదు. 1936లో స్పెయిన్ అంతర్యుద్ధం మొదలైనప్పుడు స్త్రీలు కూడా తుపాకులు పట్టి వాలంటీరు దళాల్లో చేరారు. కొన్ని దళాల్లో వాళ్ళకు యుద్ధరంగంలోనూ వంట, బట్టలుతకడమే మిగిలాయి. మికా ఎచెబెహేర్ అనే అర్జెంటీనా స్త్రీ నాయకత్వం వహించిన దళంలో మగవాళ్ళూ ఆ పనులు పంచుకుంటారని తెలిసి, అక్కడికి మారిన స్త్రీలున్నారు. కొద్ది నెలలకే స్త్రీలను యుద్ధరంగం నుంచి వెనక్కి పంపడం మొదలైంది. ఆ స్త్రీలు కనీసం ఒక దళం వదిలి ఇంకో దళం ఎంచుకోగలిగారు. వంటింట్లో ఉన్న అమ్మమ్మకు మారడానికి ఇంకో వంటిల్లు లేదు.

మా జిల్లాల్లో ఇది 1948తో అయిపోనూ లేదు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన నాటి నుంచి రెండు మూడు దశాబ్దాలపాటు కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో రాత్రిపూట తలుపులు మళ్ళీ చప్పుడయ్యాయి. వచ్చినవాళ్ళకు బువ్వ పెట్టాలి. పెట్టినందుకు తెల్లవారి ఇంకొకరికి సమాధానం చెప్పుకోవాలి. ఆ రోజుల్లో పేపర్లో అలాంటి వార్త చదివి వినిపిస్తే అమ్మమ్మ, ‘వండింది ఎవలట?’ అని అడిగేది. వార్తలో అది ఉండేది కాదు.

ఇక పింఛను. స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకు కనీసం ఆరు నెలల జైలు ఉండాలి, స్త్రీలకు మూడు నెలలు చాలు. అజ్ఞాతంలో ఉన్నామంటే ప్రకటిత నేరస్థుల జాబితాలో పేరో, తల మీద వెలో, వారంటో ఉండాలి. స్త్రీలకు సగం జైలు చాలన్నది ఉదారతే. కానీ జైలుకు పోకుండా ఉండటమే పనిగా ఉన్న మనిషికి ఏ కాగితం ఉంటుంది? పగలు పాట పాడి, రాత్రి చప్పుడు కాకుండా వండి, పట్టుబడకపోవడమే ఆమె నైపుణ్యం. అది ఎంత బాగా చేస్తే అంత గట్టిగా ఋజువు లేకుండా పోతుంది. అయితే ఈ మాట కూడా నేను ఆమె తరఫున ఫిర్యాదుగా చెప్పడం లేదు. ఆ పింఛను తనకు రావలసిందని ఆమె ఎన్నడూ అనలేదు. ‘మీ తాత పైసలు’ అనేది. అందులోంచి నెల నెలా కొంత తీసి విడిగా పెట్టేది. దేనికని అడిగితే చెప్పేది కాదు. ఆమె పోయాక తెలిసింది, ఏటా పీర్ల పండగకు ఊళ్ళో అషుర్‌ఖానాలో ఉప్పూ బెల్లమూ ఇప్పించేదట.

మహ్మదాపూర్‌లో స్తూపం ఉంది. ఇప్పుడు ఆ ప్రాంతం సిద్దిపేట జిల్లాలో ఉంది. ఏటా మార్చి 14న జెండాలు కట్టి సభ పెడతారు. నేనూ రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి నన్ను మాట్లాడమన్నారు. దళానికి వండిన స్త్రీల పేర్లు కూడా అక్కడ చెక్కాలని అడుగుదామని పోయాను. మైకు ముందు నిలబడ్డాక అడగలేకపోయాను. ఆ పన్నెండు మంది తమ ఇష్టంతో ఆ గుట్ట ఎక్కారు. అమ్మమ్మను ఒకసారి అడగకుండా ఆ దళంలో కలిపారు, ఇంకోసారి అడగకుండా నా పేపర్లో కలిపాను. మూడోసారి రాతి మీద కలపడం నాకు చేతకాలేదు.

ఈ వ్యాసం సంగతి వేరు. 2003లో, ఆమె పోవడానికి కొద్ది నెలల ముందు, ఇదంతా రాయనా అని అడిగాను. బూబమ్మ సంగతి కూడా రాయనా అని అడిగాను. చాలాసేపు ఆలోచించింది.

‘రాయి. ఆమెది మంచిగ రాయి. నా పేరు రాయకు’ అంది.